రశీదు లేని దానం

మా ఇంట్లో అటక మీది సందూకులో ఒక కప్పు ఉంది. జానెడు ఎత్తు, రెండు చెవులు, అందులో ఒకటి కదులుతుంది. మా దాదా చిత్తూరు మెసానికల్ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడి గెల్చుకొచ్చిన కప్పు. వెండిదని ఇంటిల్లిపాదీ నమ్మాం. ఒక కరువు ఏడాది కుదువబెట్టడానికి తీసుకుపోతే, సేటు అంచు గీకి చూసి లోపల ఇత్తడి, పైన పూత అని తిప్పి పంపించాడు. దాదీ నవ్వి, "ఝూటీ చాందీ, ఇసీచ్ వాస్తే బచీ" అంది. దొంగవెండి కాబట్టే మిగిలింది. నిజం వెండి పతకాలు రెండు మూడు ఉండేవట. అవి ఒక్కొక్కటే పెళ్లికీ పురుటికీ కరిగిపోయాయి.

కప్పుతో పాటు ఒక ఫోటో ఉండేది. పదకొండు మంది. కొందరికి కాళ్లకు బూట్లు లేవు. అయిదుగురు సాయిబులు, నాయుళ్లు, మొదలియార్లు, మిషన్ కాంపౌండు పిల్లలు ఇద్దరు. వెనక దాదా చేత్తో ఉర్దూలో పదకొండు పేర్లు. జిల్లాలోని ఒక విద్యాసంస్థ వాళ్లు పాత వస్తువుల ప్రదర్శన పెడతామని వచ్చి అడిగితే ఆ ఫోటో ఇచ్చాం. కప్పు కూడా అడిగారు గానీ చెవి ఊడుతుందేమోనని ఇవ్వలేదు. ప్రదర్శన అయిపోయింది. మూడుసార్లు తిరిగాం. మొదటిసారి "వెతుకుతున్నాం" అన్నారు. రెండోసారి వెతికే మనిషి బదిలీ అయిపోయాడన్నారు. మూడోసారి "మీరిచ్చినట్టు ఏమైనా కాగితం ఉందా?" అని అడిగారు. లేదు. మేం అడగలేదు.

ఎందుకు అడగలేదు? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. వాళ్లు రశీదు ఇవ్వనన్నారా అంటే అదీ లేదు. మాకే నోరు రాలేదు. రశీదు అడిగితే సాయిబులకు మనమంటే నమ్మకం లేదనుకుంటారేమో అన్న జంకు. పైగా లోపల ఒక సంబరం. మనల్ని పిలిచారు, మన వస్తువు అడిగారు, గోడ మీద మన దాదా బొమ్మ ఉంటుంది. ఆ సంబరంలో చేతిలో ఉన్నది ఇచ్చేశాం.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు క్రికెట్ మ్యాచి మన దేశభక్తికి ఎట్లా తూనిక రాయి అయిందో తెలుగువాళ్లందరికీ తెలిసింది. ఆ తూకం అయిపోలేదు. తూకంలో నిలబడ్డవాడికి ఒక అలవాటు పట్టుకుంటుంది. చేతికి దొరికిందల్లా తక్కెట్లో వేస్తాడు. ఇదిగో మా దాదా కప్పు, ఇదిగో మా మామ పతకం, మేమూ ఆడాం, మేమూ గెలిచాం, ఈ మన్ను మా కాళ్లకూ అంటింది అని. అట్లా ఇచ్చిందాన్ని దానమనాలా, సాక్ష్యమనాలా? దానమిచ్చినవాడు ఇచ్చి మరిచిపోతాడు. సాక్ష్యమిచ్చినవాడు తీర్పు కోసం కాచుకుని ఉంటాడు. మేం ఆ ఫోటోను దానమిచ్చామనుకున్నాం గానీ నిజానికి కోర్టులో దాఖలు చేశాం. నకలు ఉంచుకోకుండా దాఖలు చేయడం మా తెలివితక్కువ.

ఇది సాయిబులకు మాత్రమే జరిగే అన్యాయమని చెప్పబోవడం లేదు. బల్బీర్ సింగ్ సీనియర్ సంగతి చూడండి. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెల్చిన హాకీ ఆటగాడు. 1952 ఫైనల్లో నెదర్లాండ్స్ మీద ఒక్కడే అయిదు గోల్స్ కొట్టాడు. మ్యూజియం పెడతామంటే 1985లో భారత క్రీడా ప్రాధికార సంస్థకు తన 36 పతకాలు, నూరుకు పైగా ఫోటోలు, మెల్బోర్న్ ఒలింపిక్స్ నాటి కెప్టెన్ కోటు ఇచ్చేశాడు. మ్యూజియం రాలేదు. 2012లో లండన్ ఒలింపిక్స్ సమయంలో వాటి అవసరం పడి అడిగితే వస్తువులు కనబడటం లేదని తేలింది. ఎనిమిదేళ్లు ఆ కుటుంబం అడుగుతూనే ఉంది. 2020 మే 25న ఆయన చనిపోయాడు. వస్తువులు చేతికి రాలేదు. అంతటి మనిషికే ఆ గతి పట్టింది. కాబట్టి నిర్లక్ష్యానికి మతం లేదన్నది ఒప్పుకుందాం.

అయినా ఒక తేడా ఉంది. బల్బీర్ సింగ్ కోటు పోయినా అయిదు గోల్స్ పోలేదు. అవి రికార్డు పుస్తకాల్లో ఉన్నాయి, దేశం నోట్లో ఉన్నాయి. మా దాదా లాంటివాళ్ల ఆట ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నది ఆ అట్ట మీదే. అది పోతే ఆట కూడా జరగనట్టే. రికార్డు లేని జనం వస్తువుకు రెండింతల బరువు. దళితులకూ, పల్లెటూరి ఆడపిల్లలకూ ఇదే లెక్క.

హైదరాబాదు రహీం సాబ్ మాటే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారం గెలిచింది. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. 1963లో క్యాన్సర్‌తో పోయాడు. 2024లో 'మైదాన్' సినిమా వస్తే మన పిల్లలు "ఈయన మన హైదరాబాదాయనా?" అని నోరు తెరిచారు. అరవై ఏళ్ల నిశ్శబ్దాన్ని ఒక హిందీ సినిమా వచ్చి బద్దలు కొట్టాల్సి వచ్చింది.

ఇక్కడ మా మతంలోని ఒక పాత సంగతి చెప్పాలి. లౌకికవాద మిత్రులు విసుక్కోవద్దు, ఇది నమాజు సంగతి కాదు, అరువు సంగతి. మక్కా విజయం తర్వాత హునైన్ యుద్ధానికి పోతూ ప్రవక్త సఫ్వాన్ బిన్ ఉమయ్యా అనే మక్కా పెద్దమనిషి దగ్గర కవచాలు అడిగాడు. సఫ్వాన్ అప్పటికి ముస్లిం కాలేదు. ఓడిపోయిన పక్షం వాడు. గెలిచినవాడు వచ్చి కవచాలు ఇవ్వమంటున్నాడు. సఫ్వాన్ నేరుగా అడిగాడు, ఇది బలవంతంగా గుంజుకోవడమా అని. కాదు, పూచీతో తీసుకునే అరువు అని ప్రవక్త జవాబిచ్చాడు. యుద్ధంలో కొన్ని పోతే పరిహారం ఇస్తానని కూడా అన్నాడని హదీసు చెబుతుంది.

చాన్నాళ్లు మేం దీన్ని ప్రవక్త నిజాయితీకి ఉదాహరణగానే విన్నాం, జుమ్మా బయానుల్లో అట్లాగే చెబుతారు. ఫోటో పోయిన తర్వాతే సఫ్వాన్ వైపు నుంచి చూడటం మొదలుపెట్టాం. చేతిలో బలం లేనివాడు బలమున్నవాణ్ని ఆ ప్రశ్న అడగగలిగాడు. అడిగినందుకు అవతలివాడు కోపగించుకోలేదు, నామీద నమ్మకం లేదా అనలేదు. ఏ షరతు మీద తీసుకుంటున్నాడో నోరు విప్పి చెప్పాడు. అల్ అమీన్, అంటే నమ్మదగినవాడు అని పేరుపడ్డ మనిషే పూచీ మాట పలికితే, బీరువా తాళాలున్న గుమాస్తాకు నామోషీ ఏమిటి? ఇచ్చేవాడి మంచితనం గురించి మనవాళ్లు ఎన్ని ఉపన్యాసాలైనా ఇస్తారు. తీసుకునేవాడి ధర్మం గురించి ఒక్క ముక్క మాట్లాడరు.

ఫిఖ్‌లో ఇచ్చిపుచ్చుకోవడాలకు వేరువేరు పేర్లున్నాయి. హిబా అంటే పూర్తిగా ఇచ్చేయడం. వక్ఫ్ అంటే అల్లా పేర శాశ్వతంగా కట్టిపెట్టడం, దాన్ని ఎవరూ అమ్మడానికి లేదు. అమానత్ అంటే దాచిపెట్టమని అప్పగించడం. ఆరియత్ అంటే వాడుకుని తిరిగి ఇమ్మనడం. ఆరియత్ వస్తువు పోతే పరిహారం ఎప్పుడు కట్టాలన్న దగ్గర హనఫీలకూ షాఫయీలకూ తేడా ఉంది. అజాగ్రత్త వల్ల పోతే మాత్రం తప్పించుకోవడానికి లేదని ఇద్దరూ అంటారు. మనం ఈ నాలుగింటినీ కలిపేసి "ఇచ్చాం" అనే ఒక్క మాటతో సరిపెట్టాం. మ్యూజియాల వాళ్లకు అది ఎంతో సుఖం. హిబా అయితే రేపు వస్తువును గోదాములో పడేసినా అడగడానికి మన దగ్గర హక్కు మిగలదు. వక్ఫ్ చేద్దామా అంటే, కాగితాలున్న వక్ఫ్ భూములే ఏమయ్యాయో చూస్తూనే ఉన్నాం, ఫుట్‌బాల్ కప్పు ఎంత. ఆటల వస్తువుకు ఆరియతే సరైనదని మా అభిప్రాయం. ఏడాదికో రెండేళ్లకో గడువు పెట్టి, రాసుకుని, పూచీ మీద ఇవ్వాలి.

అయితే ఇంట్లోనే పెట్టుకుంటే క్షేమమా? సందూకును మేం మరీ పొగడలేం. చెద పురుగులకు హిందూ ముస్లిం తెలియదు. మా ఇంటి నిజం వెండి పతకాలను ఏ మ్యూజియమూ పోగొట్టలేదు, మేమే కరిగించుకున్నాం. ఆకలి రశీదు అడగనివ్వదు. తిరుమలలో అన్నమయ్య రాగిరేకులు వందల ఏళ్లు సంకీర్తన భాండాగారంలో చీకట్లో పడి ఉన్నాయి. పోలేదు, భద్రంగానే ఉన్నాయి, కానీ ఇరవయ్యో శతాబ్దంలో పండితులు బయటికి తీసి పరిష్కరించి అచ్చువేసేదాకా వాటి పాట జనం చెవిన పడలేదు. దాచడం వేరు, గుర్తుంచుకోవడం వేరు. ఆ కొండ మీదే ఇంకో సంగతి ఉంది. 1984లో గుంటూరుకు చెందిన షేక్ మస్తాన్ అనే చిన్న వ్యాపారి 108 బంగారు పూలు సమర్పించాడు. వాటితోనే అష్టదళ పాదపద్మారాధన సేవ మొదలైంది. ఒక ముస్లిం గుడికి పూలివ్వడం సరా కాదా అని మనలో వాదించేవాళ్లు వాదించుకోనీ. మేం చెప్పేది వేరే. ఆ పూలు అద్దాల బీరువాలో కూర్చోలేదు, వాడుకలోకి వచ్చాయి. సేవ గురించి చెప్పేటప్పుడు ఇచ్చినవాడి పేరూ చెబుతారు. మ్యూజియం అట్లా ఉండగలిగితే హిబా ఇవ్వడానికీ మాకు అభ్యంతరం లేదు.

ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో పట్టం లాగేసుకున్నారు, శిక్ష వేశారు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. 1976లో ఆయన తన గ్లౌజులూ అంగీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చాడు. అలీ తన దేశభక్తి రుజువు చేసుకోవడానికి అవి ఇవ్వలేదు. పోనన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు. ఆ పేరుతో, ఆ మతంతో, ఆ నిరాకరణతో సహా వాళ్లు తీసుకోవాల్సి వచ్చింది. మేం తలకాయ వంచి ఇచ్చిన ఫోటోకూ, అలీ తలెత్తి ఇచ్చిన గ్లౌజులకూ ఉన్న దూరం ఇదే. అలీ అంత ఎత్తు మనుషులం కామనుకోండి, అయినా రశీదు అడగడానికి ప్రపంచ చాంపియన్ కానక్కర్లేదు.

ఈ మధ్య తిరుపతి నుంచి కొందరు కుర్రాళ్లు వచ్చారు. జిల్లాలో పాత ఆటల వస్తువులన్నీ పోగుచేసి చూపిస్తారట. మంచి పని. చంద్రగిరి కోటలో రాజమహల్‌కు పోతే గుడిమల్లం నుంచీ గండికోట నుంచీ వచ్చిన శిల్పాలు చూడొచ్చు. ఈ నేల మీద చెమటోడ్చి ఆడినవాళ్ల గుర్తు మాత్రం అక్కడ చూడలేం. మా ఎర్రావారిపాళెం పల్లె నుంచి టోక్యో ఒలింపిక్స్ హాకీ జట్టు దాకా పోయిన గోల్‌కీపర్ రజని ప్యాడ్లు రేపు ఎక్కడ పెడతారో ఇప్పుడే ఆలోచించాలి కదా అన్నారు ఆ పిల్లలు. ఆ మాట మాకు నచ్చింది. కప్పు దానంగా ఇమ్మన్నారు. అరువిస్తామన్నాం. ఏడాది గడువు, చెవి విరిగితే బాగుచేయించే పూచీ, పక్కన పెట్టే చీటీలో ఏం రాస్తారో అదీ కాగితం మీద రాసుకుందామన్నాం.

"మా మీద నమ్మకం లేదా సార్?" అన్నాడు ఒకబ్బాయి. వాడి మొహం చిన్నబోయింది. అదే జంకు మళ్లీ మా గొంతులోకి వచ్చింది. పోనీలే, పిల్లలు, ఇచ్చేద్దాం అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడుగు ఆయత్ అల్ బఖరాలోని 282వది. అది స్వర్గం గురించో నరకం గురించో కాదు, అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని. "నమ్మకం ఉంది బాబూ, ఆ నమ్మకం చెడకుండా ఉండాలనే రాద్దామంటున్నాం" అన్నాం.

రాసుకున్నాం. రెండు నకళ్లు. చీటీలో జట్టు వాళ్ల పేర్లన్నీ ఉండాలన్నాం, మా దాదా ఒక్కడి పేరు చాలదు, ఆట పదకొండు మందిది. కూర్చుని గుర్తు చేసుకున్నాం. మా చిచ్చాను అడిగాం, మిషన్ కాంపౌండులో ఒక ముసలాయన్ను అడిగాం. ఏడు పేర్లు దొరికాయి. మిగతా నాలుగూ ఆ ఫోటో వెనక ఉన్నాయి. ఆ అబ్బాయి "మరియు ఇతరులు అని వేసేద్దామా సార్?" అన్నాడు. వద్దన్నాం. ఏడు పేర్ల కింద నాలుగు ఖాళీ గీతలు గీయించాం.