మీరు అడగలేదు గదా!

అబద్ధమాడటం తప్పని మనందరికీ చిన్నప్పుడే నేర్పించారు. మరి తెలిసిన మాట చెప్పకుండా ఊరుకోవడం తప్పా, కాదా? ఇది మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరాక, రెండుసార్లు దెబ్బ తగిలితేగాని తెలిసిరాలేదు. మొదటి దెబ్బ నాకు తగిలింది. రెండోది నా వల్ల ఇంకొకరికి.

1984లో ఉదయగిరిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేదాన్ని. కిటికీలోంచి చూస్తే దుర్గం కొండ కనబడేది. కృష్ణదేవరాయలంతటివాడు గజపతుల చేతిలోంచి ఆ దుర్గాన్ని తీసుకోవడానికి నెలల తరబడి ముట్టడి వేయాల్సి వచ్చింది. 1514 నాటికి గాని అది లొంగలేదు. మాకూ అటువంటి దుర్గం ఒకటుండేది - ఆఫీసు ఎదుటి టీకొట్టు! పదకొండింటికీ, నాలుగింటికీ మగవాళ్ళంతా లేచి అక్కడికి వెళ్ళేవాళ్ళు, సూపరింటెండెంటుగారితో సహా. అక్కడ పెద్ద కుర్చీ, చిన్న కుర్చీ అనే తేడా లేదు. అందరికీ ఒకటే బల్ల. నేనూ, ఇంకో ఆవిడా ఫైళ్ళు ముందేసుకుని కూచునేవాళ్ళం. మమ్మల్ని రావద్దని ఎవరూ అనలేదు సుమండీ! ఆ రోజుల్లో ఆడమనిషి టీకొట్టు బల్ల మీద కూచుంటే ఊరు ఏమంటుందో వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

ప్రమోషన్ కావాలంటే అకౌంట్సు పరీక్ష పాసవ్వాలి. దానికి ఫీజు కట్టే గడువు ఆ బల్ల దగ్గర అందరికీ తెలిసింది. నా చెవిన పడేసరికి గడువు దాటి మూడు రోజులైంది. నా తర్వాత చేరిన కుర్రవాడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు, ఉన్న ఒక్క ఖాళీలో సీనియర్ అసిస్టెంటయ్యాడు. "నాకొక్క మాట చెప్పలేదేం నాయనా?" అని అడిగాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు అడగలేదు గదక్కా!" అన్నాడు.

గడువుందని తెలిస్తే గదా అడగడానికి!

ఇంటికొచ్చి మావారితో చెప్పుకున్నాను. "అతనేం నీ కాయితం దాచిపెట్టలేదు గదా! చదువుకున్నాడు, పాసయ్యాడు" అన్నారు. అదే చిక్కు. మోసం చేసినవాడైతే తిట్టిపోసి ఊరుకునేదాన్ని. ఇక్కడ ఎవరూ ఏ తప్పూ చేయలేదు, నాకు మాత్రం నాలుగేళ్ళు పోయాయి.

ఇది మా మారుమూల ఆఫీసుల జబ్బు మాత్రమే అనుకునేదాన్ని. ఆసియాలో ఒక పెద్ద బ్యాంకు లెక్కలు పరిశీలించి ఇద్దరు ఆర్థికవేత్తలు, కల్లెన్, పెరెజ్ ట్రుగ్లియా అనేవాళ్ళు, 2023లో ఒక వ్యాసం అచ్చువేశారు. మేనేజరు మగవాడైతే అతని కింద పనిచేసే మగవాళ్ళకు ప్రమోషన్లు త్వరగా వచ్చాయట. ఆడవాళ్ళకు మాత్రం మేనేజరు ఎవరైనా ఒకటే. పోనీ ఆ మగవాళ్ళు ఎక్కువ పని చేశారా అంటే, ఆ దాఖలా దొరకలేదు. సిగరెట్టు కాల్చే మేనేజరు దొరికిన సిగరెట్టురాయుళ్ళకూ అలాగే కలిసొచ్చిందట. చూశారా, పొగకు కూడా ఫలితం ఉంది!

నా నాలుగేళ్ళకు విమోచనం ఎలా వచ్చిందంటారా? బస్సులో వచ్చింది. ఒక ఆదివారం పక్క సీట్లో కూచున్నావిడ, వేరే ఆఫీసు మనిషి, ఎదురైతే నవ్వుకోవడమే తప్ప ఎక్కువ పరిచయం కూడా లేదు, "ఆత్మకూరులో మీవాళ్ళకు ఖాళీ పడిందట గదా, అర్జీ పెట్టారా?" అంది. మర్నాడే పెట్టాను. ప్రమోషన్ మీద ఆత్మకూరు వెళ్ళాను. గ్రానోవెటర్ అనే అమెరికా పండితుడు 1973లోనే ఈ సంగతి రాశాడని తర్వాతెప్పుడో చదివాను. తెలిసినవాళ్ళ ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్నవాళ్ళను ఆయన అడిగితే, తరచూ కలిసేవాళ్ళ వల్ల దొరికిందన్నది నూటికి 17 మందే. తక్కినవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు కనబడే మనుషులే చెప్పారు. మన చుట్టూ ఉండేవాళ్ళకు మనకు తెలిసిందే తెలుసు. కొత్త మాట బయటినుంచి రావాలి.

ఆత్మకూరులో మేం నలుగురం ఆడవాళ్ళం. మధ్యాహ్నం క్యారియర్లు విప్పి, కూరలు పంచుకుని, కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళం. మాకూ ఒక బల్ల దొరికిందని మురిసిపోయాను. 1990లో కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. బిడియస్తురాలు. తన సీటు దగ్గరే ఒక్కతీ తినేది. రెండేళ్ళ బిడ్డను ఉదయగిరిలో తల్లి దగ్గర వదిలి వచ్చిందని తెలుసు. బదిలీలు కోరేవాళ్ళు పదిరోజుల్లో అర్జీ పెట్టుకోమని సర్క్యులర్ వచ్చింది. మా నలుగురిలో దాని గురించి ఎంత చర్చో! పదిరోజులూ అయిపోయాయి. పదకొండో రోజున ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "నాకు చెప్పలేదేం అక్కా?" అంది.

నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "నువ్వడగలేదు గదమ్మే!"

ఆ మాట నా చెవికే వినబడి ఒళ్ళు చచ్చిపోయింది. ఇంకో ఏడాది పాటు ఆ తల్లి ఆదివారం ఆదివారం బస్సెక్కి బిడ్డను చూసొచ్చింది. సోమవారం నాడు దాని మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలేది కాదు.

బల్ల మగవాళ్ళదైతే తప్పు, ఆడవాళ్ళదైతే ఒప్పు అయిపోదు. నలుగురు కూచుని మాట్లాడుకోవడం పాపమూ కాదు. అందరికీ చెందిన మాట ఆ నలుగురి దగ్గరే ఆగిపోతుందే, పాపం అక్కడుంది. దాచామని మనకే తెలియదు గనుక మనసు కూడా గుచ్చుకోదు.

ఆ తర్వాత రెండేళ్ళకే మా పడమటి నెల్లూరులోని దూబగుంట పేరు రాష్ట్రమంతా వినబడింది. అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిబడికి చేరిన ఆడవాళ్ళు సారా సంగతి మాట్లాడుకున్నారు. అదీ ఒక బల్లే! కాని వాళ్ళ మాట పొలిమేర దగ్గర ఆగలేదు. ఊరినుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చదువురాని ఆ తల్లులకు తెలిసింది, పరీక్షలు పాసైన నాకు తెలియలేదు.

అప్పటినుంచి ఏ సర్క్యులరొచ్చినా ఆఫీసు మధ్యలో నిలబడి గట్టిగా చదివేదాన్ని. "రేడియో అక్క" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ!

ఇప్పుడు మా కోడలి ఆఫీసులో టీకొట్టు ఫోనులోకి వచ్చేసింది. మొన్న ఏదో ట్రెయినింగు కబురొస్తే, "అన్నీ గ్రూపులో పెట్టేస్తారత్తయ్యా, ఏ బాధా లేదు" అంది.

"ఆ గ్రూపులో లేనిదెవరమ్మా?" అని అడిగాను.

కాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. తర్వాత మాట్లాడకుండా లేచి, ఎవరికో ఫోను చేసింది.