కఫీల్ లేని వీసా

జగిత్యాల దగ్గరి పల్లెలో ఒక తండ్రి ఉండేవాడు. దుబాయిలో ఏళ్ల తరబడి సెంట్రింగ్ పని చేశాడు. దిగిన రోజే కంపెనీ చేతికి పోయిన పాస్‌పోర్టు, సెలవు మీద ఇంటికొచ్చేటప్పుడే మళ్లీ కంటికి కనబడేది. డిగ్రీ చదివిన కొడుకు పేరు ఆస్ట్రేలియా ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా లాటరీలో వచ్చినప్పుడు ఆయన చెప్పిన జాగ్రత్త ఒక్కటే: "సేఠుతోని లొల్లి పెట్టుకోకు బిడ్డా. ఏమన్నా అంటే పడు."

కొడుకు మామిడి కోతల వేళకు, అక్టోబరులో, ఉత్తర ఆస్ట్రేలియాలోని కేథరిన్ చేరాడు. పని ఇప్పించిన మేస్త్రీ తెలుగువాడే. "తమ్మీ, పాస్‌పోర్టు నా దగ్గరుంటే భద్రం" అన్నాడు. కుర్రాడు మారుమాట లేకుండా ఇచ్చేశాడు. అది తండ్రి అలవాటు.

తొడిమ విరిస్తే సొన చిమ్ముతుంది. మామిడి తోటల మధ్య పెరిగినవాడికి అది కొత్త కాదు, కానీ పొద్దంతా కోస్తుంటే మణికట్ల దాకా బొబ్బలెక్కాయి. గ్లవ్స్ అడిగితే వాటి డబ్బు జీతంలో పట్టుకుంటానన్నాడు మేస్త్రీ. రూము కిరాయి పేరుతో వారం వారం కోత. పే స్లిప్పు ఊసే లేదు. గట్టిగా అడగబోతే, "రెండో ఏడాది వీసాకు కాగితం రాసియ్యాల్సింది నేనే" అనేవాడు.

పక్క వరుసలో కోసే తైవాన్ అమ్మాయి ఒక సాయంత్రం అడిగింది: "నీ వీసా మీద ఈయన పేరుందా?" కుర్రాడు ఫోనులో వీసా ఉత్తరం తెరిచి, మొదటిసారి చివరిదాకా చదివాడు. తన పేరు, పాస్‌పోర్టు నంబరు, షరతులు. యజమాని పేరు ఎక్కడా లేదు.

మరునాడు పాస్‌పోర్టు ఇమ్మన్నాడు. మేస్త్రీ కేకలేశాడు, పోలీసులన్నాడు. "పిలువన్నా, వాళ్ల ముందటనే మాట్లాడుదాం" అన్నాడు కుర్రాడు. పాస్‌పోర్టు బయటికొచ్చింది. వారం తిరక్కుండా డార్విన్‌లో ఒక హోటల్ వంటింట్లో పని దొరికింది. సంగతి విన్న తండ్రి అన్నాడు: "మాకు పని ఇడిస్తే దేశమే ఇడువాలె. నీకు గట్ల లేదని నాకేం ఎరుక?"

నీతి: తండ్రి భయం నిజమే, కానీ ఆ భయం పుట్టిన దేశం వేరు. ఆ భయాన్ని మూటగట్టుకుని ఇంకో దేశం పోయి, అక్కడి చట్టం చదవకపోతే, ఎవరూ వేయని గొలుసు మనమే వేసుకుంటాం.

గల్ఫ్‌లో వీసా కఫీల్‌తో, అంటే దానికి పూచీ పడే యజమానితో, ముడిపడి ఉంటుంది. 2024లో భారతీయులకు తెరుచుకున్న ఈ ఆస్ట్రేలియా వీసా 18 నుంచి 30 ఏళ్ల వాళ్లది, ఏటా 1000 మందికి. ఒకే యజమాని దగ్గర మామూలుగా 6 నెలలకు మించి పని చేయకూడదని షరతే ఉంది. అంటే పని మారడం తప్పు కాదు, ఈ వీసా తీరే అది. రెండో ఏడాదికి మూడు నెలల నిర్దేశిత పని చూపాలి నిజమే. అందుకే ప్రతి పే స్లిప్పూ దాచుకోవాలి. జీతం పడ్డ ఒక్క పనిదినంలోగా అది ఇచ్చి తీరాలి. కాయల లెక్కన కోయించినా పని చేసిన గంటలకు కనీస వేతనం దక్కాలన్న నియమం 2022 ఏప్రిల్ 28 నుంచి అమల్లో ఉంది. అది దక్కకపోతే ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా చెప్పుకోవచ్చు, నంబరు 13 13 94. ఇంగ్లిష్‌లో చెప్పుకోవడం కష్టమైతే ముందు 13 14 50కి ఫోన్ చేసి దుబాసీని అడగాలి.