తాతలనాటి ఇల్లు

తాతలనాటి ఇంటిని అమ్ముట అధర్మమని లోకము తొందరపడి తీర్పు చెప్పుచుండును. కాని ఇల్లు మనుగడ కొరకే గాని, మనుగడ ఇంటి కొరకు కాదు. తెలంగాణమునుండి సూరత్తు మగ్గములకు వలసపోయిన సాలె కుటుంబమొకటి వడోద్‌లో స్థిరపడినదనుకొందము. స్వగ్రామమందలి పెంకుటింటిని, అందలి గుంటమగ్గమును, ఇత్తడి బిందెలను అది ఎన్నాళ్లు తాళమువేసి కాపాడగలదు? వానకు కూలనిచ్చుటకంటె, కాపురముండువారికి అమ్ముటయే మేలు.

వస్తువుల మాట వేరు. ఒక నీడ పోయినచో మరియొక నీడ దొరకును. అవ్వ మోసిన బిందెకు బదులు లేదు. హైదరాబాదున మూడవ సాలార్‌జంగు 1949లో మరణించెను. ఆయన సేకరించిన వస్తువులు 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవడీలోనే ప్రదర్శనశాలగా వెలసినవి. 1968లో కొత్త భవనమునకు తరలినవి. దేవడీ చాలవరకు నేలమట్టమైనది. ఆ వంశమును నేడు మనకు ఎరిగించునవి ఆ వస్తువులే.

సామాన్యునకు ప్రదర్శనశాల లేదు. పాతసామానుల వర్తకుడు బిందెను తూచి ఇత్తడి ధర ఇచ్చును. అది ఏ పెండ్లికి వచ్చినదో, ఏ కరవున కుదువకు పోయి తిరిగివచ్చినదో ఆ తూకమున చేరదు. ఆ కథ అమ్మువానిది మాత్రమే కాదు. తోబుట్టువులది, పుట్టబోవు బిడ్డలది. వారి సమ్మతి లేక, వారికి చెప్పక అమ్మినవాడు పరుల సొత్తును అమ్మినట్లే. చెప్పి అమ్మినవానికి దోషము లేదు. అవసరము కలిగినపుడు అమ్ముట పూర్వులు గూడ ఎరిగినదే.