మీరు పెట్టిన గుర్తుకు పేరుందా?



అన్న కోపానికి భయపడి యాకోబు ఇల్లు విడిచి పారిపోతున్నాడు. దారిలో పొద్దు గుంకింది. ఒక రాయి తలకింద పెట్టుకొని పడుకున్నాడు. ఆ రాత్రి కలలో దేవుడు అతనితో మాట్లాడాడు. తెల్లవారి లేచి అతడు చేసిన పని గమనించండి. అదే రాతిని నిలబెట్టి, దానిమీద నూనె పోసి, ఆ చోటికి బేతేలు అని పేరు పెట్టాడు (ఆది. 28). ఎన్నో ఏళ్ళ తరువాత బేతేలుకు వెళ్ళమని దేవుడు ఆజ్ఞాపించినప్పుడు (ఆది. 35) “అది ఎక్కడ ప్రభూ?” అని యాకోబు అడగలేదు. రాయి నిలిపి పేరు పెట్టకుండా వెళ్ళిపోయి ఉంటే? ఆ కొండల్లో రాళ్ళకు కొదవా!

ఈ పేరు పెట్టడంలోని విలువ నాకు ఒక చిన్న యంత్రం వలన తెలిసివచ్చింది. అరచేతిలో ఇమిడే జి.పి.ఎస్. యంత్రం అది. ప్రసంగానికి ఇదేం వస్తువని మీరు నవ్వవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

నేలనుండి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఉపగ్రహాల సంకేతాలను ఈ యంత్రం వింటుంది. కనీసం నాలుగింటిని వినగలిగితే మనం నిలబడిన చోటు లెక్కగట్టి చెబుతుంది. ఇది వినేదే గాని తిరిగి ఏమీ పంపేది కాదు. సెల్ టవరుతో దీనికి పనిలేదు. అందువల్ల నర్సీపట్నం దాటి, చింతపల్లి ఘాట్ ఎక్కి, ఫోను మూగబోయిన చోట కూడా పనిచేస్తుంది. కాని పటం మాత్రం దానంతట అది తెచ్చుకోదు. ముందే ఎక్కించుకోవాలి. ఆ పని నర్సీపట్నంలో ఉండగా చేసుకోక, లంబసింగి మలుపులో నిలబడి అయ్యో అంటే ప్రయోజనం లేదు. తెరమీద తెల్లని ఖాళీ, దాని నడుమ మీరు ఒక బాణం గుర్తు! నూనె తెచ్చుకోని కన్యకల సంగతి (మత్తయి 25) నాకు అక్కడే సరిగా బోధపడింది.

అలాగని దొరికిన పటమల్లా కార్డులో కుక్కడం కూడా తెలివి కాదు. ఒకదానిమీద ఒకటి కప్పుకొని, కావలసిన కాలిబాట కింద దాగిపోతుంది. తెర కదలడానికి ఆలస్యమవుతుంది. వెళ్ళే ప్రాంతం పటం ఒక్కటి వెలిగించి మిగిలినవి ఆపి ఉంచాలి.

పటాల సంగతి అలా ఉంచి, గుర్తుల దగ్గరకు వద్దాం. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి మీట నొక్కితే యంత్రం ఆ చోటును గుర్తుపెట్టుకొంటుంది. పేరు మనం పెట్టకపోతే తానే 001, 002 అని అంకెలు వేసుకొంటూ పోతుంది. నా పతనం అక్కడే మొదలయింది.

మన్యంలో హద్దు అన్నది తేలిక మాట కాదు. పోడు వ్యవసాయాన్ని అడ్డుకొన్న అటవీ చట్టాల వల్ల రగిలిన కడుపులే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి ఠాణా మీదికి నడిచాయి. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగుచేసుకొంటున్న గిరిజనునికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, ఆ భూమిమీద హక్కు ఇవ్వాలన్నది అందులోని మాట. 2008లో నియమాలు వచ్చాక మన రాష్ట్రంలో పోడు భూముల కొలతకు ఈ చేతి యంత్రాలనే వాడారు. పొలం చుట్టూ నడవడం, మూలమూలకూ గుర్తు నొక్కడం, ఎన్ని ఎకరాలో తేల్చడం.

ఇక్కడ ఒక లెక్క చెప్పనివ్వండి. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. చెట్లనీడలో తొందరపడి నొక్కిన గుర్తులు నాలుగువైపులా అయిదేసి మీటర్లు లోపలికి పడితే, ఆ ఎకరంలో పావు వంతుకు పైగా మాయమవుతుంది. కొండవాలున చోళ్ళు, సామలు చల్లుకొని బ్రతికేవారికి పావు ఎకరమంటే కొన్ని నెలల కూడు. పొరుగువాని సరిహద్దు రాతిని జరపరాదన్న మోషే ధర్మం (ద్వితీ. 19:14) రాయి ఎత్తి మోసేవానికి మాత్రమే కాదు, మీట నొక్కేవానికి కూడా వర్తిస్తుంది.

ఆ రోజుల్లో నేనూ కొండ గ్రామాలకు వెళ్ళినప్పుడు పాత ఈట్రెక్స్ యంత్రం ఒకటి వెంట తీసుకువెళ్ళేవాడిని. సర్వే వచ్చేలోపు తమ హద్దులు తామే నడిచి గుర్తుపెట్టుకోవాలని ఊరివారి కోరిక. ఒక మామ్మ తన మెట్ట చుట్టూ నన్ను తిప్పింది. పద్నాలుగు మూలలు. పద్నాలుగుసార్లు మీట నొక్కాను. పేరు పెట్టలేదు, గెడ్డ దాటి చీకటిపడేలోపు రోడ్డెక్కాలని నా ఆత్రం. ఆ యంత్రంలో 500 గుర్తులే పడతాయి. కొంతకాలానికి నిండిపోయింది. ఒక సాయంత్రం చూసుకొంటే తెరనిండా అంకెలు. ఏది ఎవరిదో, ఏది నేను టీ తాగిన పాకో తెలియదు. పనికిరానివనుకొని అన్నీ తుడిచేశాను. “తుడవమంటారా?” అని యంత్రం ఒకసారి అడిగింది కూడా. నేను అవునన్నాను.

మరుసటి ఏడు మామ్మ సంతరోజున నర్సీపట్నం దిగివచ్చింది. ఆమెకు వచ్చిన కాగితంలో భూమి తగ్గి ఉంది. “నా మెట్ట గుర్తులు నీ డబ్బాలో ఉన్నాయి కదా బాబూ, తీసి చూపించు” అంది.

ఏమి చెప్పను? “తుడిచేశాను మామ్మా” అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. కొంతసేపు ఊరకుండి, “అయితే మళ్ళీ నడుద్దాం రా” అంది.

సోదరీ సోదరులారా, పాపసంకీర్తనానికి వచ్చి “ఏవో తప్పులు చేశాను ఫాదర్, అందరూ చేసేవే” అనేవారు ఎందరో. నేను కూడా అలా చెప్పుకొన్నవాడినే. అది 001, 002 అని చెప్పడం వంటిది. ఏ రోజు, ఎవరి ఇంటి గడపలో, ఎవరి కూలి ఎగవేశామో పేరు పెట్టి చెప్పనంతకాలం అక్కడికి తిరిగి వెళ్ళి సరిదిద్దుకొనే దారి ఉండదు. జక్కయ్య తాను మోసగించినవారికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19). వారెవరో అతనికి తెలియకుండా ఎలా ఇవ్వగలడు? మేలు విషయం కూడా ఇంతే. యోర్దాను నుండి పన్నెండు రాళ్ళు ఎత్తించినప్పుడు యెహోషువ వాటిని కుప్పపోసి వదలలేదు. ఈ రాళ్ళేమిటని పిల్లలు అడిగితే ఏమి చెప్పాలో కూడా నేర్పాడు (యెహో. 4).

ఈనాడు చాలామంది ఫోనులోనే గుర్తులు పెడుతున్నారు. జాగ్రత్తలు మాత్రం అవే. మూలమీద రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడండి. అక్కడే, మరొక అడుగు వేయకముందే, పేరు పెట్టండి. ఇంటికి రాగానే కంప్యూటరులోకి ఒక నకలు, పుస్తకంలో ఒక నకలు దింపండి. ఆ తరువాతే తుడవడం సంగతి. పాత సర్వే పటంలోని అంకెలు ఎత్తి వేసేటప్పుడు యంత్రంలో కొలత ఆధారం అదేనో కాదో చూడండి. పాత ఎవరెస్టు ఆధారానికీ, ఈ యంత్రాలు వాడే డబ్ల్యు.జి.ఎస్. 84కూ కొన్ని వందల మీటర్ల తేడా వస్తుంది. మరొక మాట. ఉపగ్రహ చిత్రాలూ, యంత్రాలూ మిగిలిన సాక్ష్యాలకు తోడుగా ఉండాలేగాని వాటి స్థానంలో నిలవరాదని 2012లో సవరించిన నియమాలే చెబుతున్నాయి. పెద్దల మాటకూడా సాక్ష్యమే.

మామ్మతో మళ్ళీ కొండెక్కాను. ఆమెకు ఏ మూలా మరపు రాలేదు. ఇది పిడుగు పడిన చింత. ఇది మా ఆయన పాము కరిచి కూలబడిన బండ. ఇది పెద్దోడి బొడ్డుతాడు పాతిన చోటు. ప్రతి మూలకూ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక మనిషి. ఆ యంత్రంలో పేరుకు ఆరు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. అందుకని చింత, బండ అని యంత్రంలో పొట్టిగా కొట్టి, ఆమె చెప్పిన పూర్తి మాటలు పుస్తకంలో రాసుకొన్నాను. గ్రామసభ మళ్ళీ తీర్మానం చేసి పంపింది. తగ్గిన భూమిలో కొంత తిరిగి చేరింది, కొంత చేరలేదు. చేరని ఆ ముక్కలోనే పిడుగు పడిన చింత ఉంది. పుస్తకం నా బల్లమీద, జపమాల పక్కనే ఉంది.