తోటమాలి కాయకము

చేసిన పనికి కూలి చెల్లవలెనా, పండిన ఫలమునుబట్టి కూలి చెల్లవలెనా అను ప్రశ్న సంతలోనో అంగడిలోనో అడిగినచో మిక్కిలి సులభముగా కనుపించును. కోనసీమలో ఒక కొబ్బరి తోట నడుమ నిలిచి అడిగినచో అంత సులభముగా తేలదు. అచ్చట పని ఒక కాలమునకు చెందినది, ఫలము వేరొక కాలమునకు చెందినది. రెంటి నడుమ ఎండయు, వానయు, వరదయు, గాలియు నిలిచియున్నవి. అవి తోటమాలి మాట వినునవి కావు.

కాయకమును గూర్చి శరణుల చరిత్రలలో వినవచ్చు కథలు పెక్కింటియందు నాటి పనికి నాడే ఫలము కనుపించును. నులియ చందయ్య పేనిన త్రాడు సాయంకాలమునకు త్రాడై చేతికి వచ్చును. మేదర కేతయ్య అల్లిన బుట్ట అల్లిక ముగిసిన క్షణమున బుట్టయే. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుల వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందున, ఆ అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని అతని ధర్మపత్ని లక్కమ్మ పంపివేసినది. ఈ కథ ప్రతి శరణుని యింట పిల్లలకు కూడ తెలిసినదే. అయినను ఇందొక సూక్ష్మము కలదు. మారయ్య ఒడి ప్రొద్దు గూకునప్పటికి నిండెడిది. కనుకనే లక్కమ్మ దానిని చూచి, ఇంత మనది, ఇంత మనది కాదు అని విడదీసి చెప్పగలిగినది. కొబ్బరి మొక్క నాటినవాని ఒడి ఆరేడు సంవత్సరములకుగాని నిండుటకు మొదలిడదు. అతని కాయకమును ఏ మానికతో కొలువవలెను?

ఇది ఊరక తర్కము కొరకు వేసిన ప్రశ్న కాదు. గౌతమికి, వసిష్ఠకు, సముద్రమునకు నడుమ, వైనతేయము చీల్చిన ఈ దీవులలో, అమలాపురము మొదలు రాజోలు వరకు వేలాది కుటుంబముల అన్నము దీనిమీద ఆధారపడియున్నది.

తోటమాలి సంవత్సరమును వేసవినుండి లెక్కించుట మేలు, ఏలయన పరీక్ష అచ్చటనే మొదలగును. వేసవిలో మరమ్మతుల నిమిత్తము డెల్టా కాలువలు కట్టివేయుదురు. రోహిణి కార్తె ఎండ కాయునప్పటికి కాలువ అడుగున బురద మాత్రమే మిగులును. తోటమాలి అంతకు ముందే పాదులు త్రవ్వి, కొబ్బరి డొక్కలను లోపలి ప్రక్క పైకుండునట్లు పేర్చి, పైన మన్నును ఎండుటాకులను కప్పియుండవలెను. లేత మొక్కలకు నూతినీరు కడవలతో మోయవలెను. పెద్ద చెట్టునకు ఆ ఎండలో ఏమియు కానట్లే కనుపించును. ఆకు పచ్చగనే యుండును, కాయలు గెలలకు వ్రేలాడుచునే యుండును. కాని దెబ్బ లోపల తగిలియుండును.

ఈ విషయమును కొంచెము విడమరచి చెప్పవలసియున్నది. కొబ్బరి చెట్టు సుమారు నెలకొక ఆకు వేయును. ప్రతి ఆకు మొదటను ఒక గెల పుట్టును. పొత్తి పగిలి పూత బయటపడిన పిమ్మట కాయ ముదురుటకు 12 నెలలు పట్టును. అయితే ఆ పూత మొవ్వులోపల కంటికి కానరాని మొగ్గగా రూపు దాల్చుట, పొత్తి పగులుటకు రెండు సంవత్సరములకు పైగా ముందే జరిగిపోవును. అనగా నేడు దింపిన కాయకు బీజము పడినది మూడేండ్లకు ముందటి ఋతువులలో. ఆ యేటి వేసవిలో పాదు ఎండిపోయియుండినచో ఈ యేటి గెల పలుచబడును. ఆనాడు నీరు మోసిన పాలేరు ఈనాడు ఆ తోటలో ఉండకపోవచ్చును. వాని కష్టఫలము మరియొకని కాలమున కాచును. వాని నిర్లక్ష్యమునకు మాట మరియొకడు పడును. "ఈ పాలేరు వచ్చినది మొదలు కాపు తగ్గినది" అను మాట తోటల గట్టులమీద తరచుగా వినబడును. ఆ మాట అనుటకు ముందు మూడేండ్లు వెనుకకు లెక్కించి చూచినవారు అరుదు. ఫలమును చూచి పనివానిని తూచుట న్యాయమని తలచువారు ఈ ఒక్క చెట్టు స్వభావమును గ్రహించిన చాలును, ఆ తరాజు ముల్లు ఎంత తప్పుగా నిలుచునో తెలియగలదు.

మృగశిర దాటి వానలు పడగానే పని తిరుగబడును. నిన్నటిదాక నీరు తెచ్చినవాడు నేడు నీరు తీయవలెను. బోదెలు బాగుచేసి, మురుగు నిలువకుండ చూడనిచో వేరు ఉక్కిరిబిక్కిరి యగును. తేమ ఎక్కువైనచో మొవ్వు కుళ్ళు సోకును. మొవ్వు పోయిన కొబ్బరికి మరల చిగురు లేదు, కొమ్మలు లేని చెట్టు గదా! పెంటకుప్పలలో పెరిగిన కొమ్ముపురుగు మొవ్వును తొలచుకొని పోవునప్పుడు, వంకీ తిరిగిన ఇనుప ఊచతో దానిని గ్రుచ్చి బయటకు లాగుట తోటమాలి నేర్పు. మ్రానుపై గాయము చేయరాదు, చేసినచో ఆ వాసనకు ఎఱ్ఱముక్కు పురుగు చేరును. ఇవన్నియు మెలకువ గలవాని చేతిలోని పనులు.

మెలకువ అనగా ప్రతిదానికి చేయి చాచుట మాత్రమే కాదు. 2016లో మన దేశమున మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొలది కాలమునకే కోనసీమ తోటలను కూడ చుట్టుముట్టినది. ఆకుల అడుగున తెల్లని చుట్టలు, క్రింది ఆకులపైనను అంతరపంటలైన అరటి, కోకోలపైనను నల్లని మసి. ఆ రూపు చూచినవారు ఘాటైన మందు వెంటనే చల్లవలెనని తొందరపడుట సహజము. అట్లు చల్లినచో దోమను తినిపెట్టు మిత్రకీటకములు ముందు చచ్చును, దోమ మరల పెరుగును. అందుచేత అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారు మందుల జోలికి పోవలదని చెప్పి, మేలు చేయు శిలీంద్రమును పెంచి రైతులకు అందించిరి. ఆకు నల్లబడుచుండగా చూచుచు, చల్లదగిన మందు చేతనుండియు చల్లక ఓర్చుకొనుట కష్టమైన పనియే. దానికి కూలి కట్టు పద్ధతి ఇంకను ఏ ఊరను పుట్టలేదు.

ఇంతవరకు చేతిలోని పని. చేతిలో లేనివి శ్రావణము మొదలు వరుసగా వచ్చును. 1986 ఆగష్టులో ధవళేశ్వరము ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పారినది. 2022లో ఆషాఢముననే, జూలై నెలలో, వరద లంకలను ముంచివేసినది. లంకలలో కూరతోటలు వేసినవాడు ఏమి మెలకువతో నుండినను ఆ నీటికి అడ్డు పెట్టగలడా?

వరద కన్న గాలి క్రూరమైనది. వరద వచ్చుచున్నట్లు భద్రాచలము నుండి ముందుగా కబురు అందును. 1996 నవంబరు 6వ తేది రాత్రి, దీపావళి పండుగ వాకిట నిలిచియుండగా వచ్చిన తుపాను ఒక్క రాత్రిలో కోనసీమ రూపు మార్చివేసినది. వెయ్యిమందికి పైగా జనము మరణించిరి. లక్షలాది కొబ్బరి చెట్లు కూలినవి, మెడలు విరిగినవి. తెల్లవారునప్పటికి ఇంటి వాకిట నుండి మునుపెన్నడు కనుపించని పొరుగూరి గోపురము కనుపించినదనిన, నడుమ నున్న తోటలు ఏమైనవో ఊహించుకొనవచ్చును. ముప్పది నలువది యేండ్లు పెంచిన చెట్టు అది. మరల నాటినవాడు మరల ఏడేండ్లు వేచియుండవలెను.

"శివుని ఆజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదు" అను మాట ఆ దినములలో పెక్కు నోళ్ళ వినవచ్చినది. ఈ మాట నష్టపోయినవాడు తనకు తాను చెప్పుకొనినచో భక్తి. నష్టపోనివాడు నష్టపోయినవానికి చెప్పినచో అది భక్తి కాదు, బాధ్యతనుండి తప్పుకొనుట. భూస్వామి పాలేరుతో చెప్పినచో మరింత తప్పు. నష్టము భూస్వామికి కూడ కలిగినది గదా అని ఎవరైన అడుగవచ్చును. కలిగినది, కాదనువారు లేరు. నాలుగెకరముల తోటమీద బ్రతుకు వెళ్ళబుచ్చిన చిన్నరైతు కన్నీరు తక్కువది కాదు. కాని అతనికి భూమి మిగిలినది. పరిహారపు లెక్కలు చెట్లనుబట్టి, ఎకరములనుబట్టి కట్టుదురు. వేసవులలో మోయబడిన కడవలకు ఆ పట్టికలో గడి లేదు. దింపు కార్మికుడు చెట్టుకింత అని కూలి పుచ్చుకొనువాడు. చెట్టే లేనప్పుడు అతడు ఎక్కవలసినది ఏది? వలుపు కార్మికుడు కాయకింత అని పుచ్చుకొనువాడు. అతని గునపము మూలపడినది. ఫలమునకు కూలిని కట్టివేసిన ఏర్పాటులో గాలి మొదట కొట్టునది ఫలములేని వానినే.

దింపు కూలి చెట్టును బట్టి యుండుటలో ఒక న్యాయము లేకపోలేదు. పదికాయలున్న చెట్టును ఎక్కుటయు, ముప్పది కాయలున్న చెట్టును ఎక్కుటయు ఒకే ప్రాణాపాయము. వానకు నానిన మ్రాను ఎవని పాదమునైనను జారవిడుచును. కాపు తగ్గిన యేట, ధర పడిపోయిన యేట, ఈ కూలిని తగ్గించుకొనుమని బేరమాడుటను చూచునప్పుడు మాత్రము లక్కమ్మ కథ తలక్రిందులైనట్లు తోచును. ఆమె అధికమును తిరిగి పంపినది. ఇచ్చట అవసరమైనదానినే కోయుటకు చూతురు.

చేతిలో నున్నది తోటమాలిది, చేతిలో లేనిది దైవానిది అని రెండుగా విభజించి ఊరకుండుట పండితులకు పరిపాటి. నడుమ మూడవది ఒకటి కలదు. అది ఒకని చేతిలో లేనిది, అందరి చేతులలో నున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనప్పుడు అది ఏ ఒక్క రైతు చేసిన పని కాదు. 2011లో కోనసీమ రైతులు ఖరీఫు వరి వేయక పంట విరామము ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు వారు చెప్పిన మొర మురుగు కాలువల పూడికయే. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము డ్రెయిను వెంట సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మోడులైనవి. ఉప్పునీరు వేరునకు చేరిన తరువాత ఏ తోటమాలి నేర్పు పనికివచ్చును? పోటు సముద్రమునకు సహజము, పూడిక తీయకుండుట మనుష్యులది. దానిని కూడ విధి అని పిలుచుట విధికి అపకీర్తి తెచ్చుటయే యగును.

అరువదియేండ్ల వయస్సున మొక్క నాటు తోటమాలిని చూచి నవ్వువారు కలరు. దేశవాళి పొడుగు రకమైనచో అది కాపునకు వచ్చునప్పటికి అతడు చెట్టెక్కజాలడు. అయినను తొలకరి పడగానే గాలికి పోయిన చెట్టు చోటు చూచి గుంట తీయును. వరుసలో ఖాళీ ఉండరాదని మాత్రమే అతడు చెప్పును. ఆ మొక్క ఎవరి కాలమున కాయునో అతడు లెక్కవేయడు. దాసోహము అనునది అతనికి ఎవరైన బోధించిరో లేదో గాని, గుంట లోతు మాత్రము తగ్గించడు.

కనుమ పండుగనాడు అంబాజీపేట మండలములోని జగ్గన్నతోటకు 11 గ్రామములనుండి ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చును. ఆ కొబ్బరి తోటయే రుద్రుల సభాస్థలి. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగా దేశమంతయు చూచినది ఈ ప్రభల తీర్థమునే. గంగలకుఱ్ఱు, గంగలకుఱ్ఱు అగ్రహారముల ప్రభలు పచ్చని వరిచేల నడుమగా నడచి, కౌశిక నీటిలో దిగి దాటి వచ్చును. ప్రభ త్రొక్కిన చేనికి మేలు కలుగునని రైతు సంతోషించును, అడ్డు చెప్పడు. తుపాను త్రొక్కిన చేనికిని ప్రభ త్రొక్కిన చేనికిని భేదము ఇచ్చట తెల్లమగుచున్నది. ఒకటి అపహరింపబడినది, రెండవది అర్పింపబడినది. అర్పించువాడు భూమి గలవాడు. ఆ నారు నాటిన చేతులు వేరు. తీర్థము ముగిసి ప్రభలు తమ ఊళ్ళకు మరలిన పిమ్మట, ముక్కనుమనాటి ఉదయము ఆ చేనిలో దిగి, ఒరిగిన నారును నిలువబెట్టి, పోయినచోట క్రొత్తది పూడ్చువాడు కూలివాడే.