నిలిచినప్పుడు తెలియు లోపము

పరుగు సాగుచుండగా కనబడని లోపము పరుగు నిలిచినప్పుడు కనబడును. ఈ మాట యంత్రమునకును మనస్సునకును సమానముగా చెల్లును. దీనిని నేను గ్రంథములలో గాక, పుదుచ్చేరి పట్టణమున నొక ముసలి కారు ప్రక్కన నిలువబడి నేర్చుకొంటిని.

గోదావరీతీరమందలి యానాము నుండి ఉద్యోగరీత్యా పుదుచ్చేరికి వచ్చి స్థిరపడిన యొక పెద్దమనిషి యింట కొన్నాళ్లు అతిథిగా నుంటిని. ఆయనకొక పాత పెట్రోలు అంబాసిడరు కారు కలదు. ఆ కార్ల తయారీ ఉత్తరపారా కర్మాగారమున 2014లోనే నిలిచిపోయినది. సముద్రపు ఉప్పుగాలి తీగల మొనలను తినివేయును. వయస్సు రబ్బరును బీటలు వార్చును. అయినను ఆయన కారు దారిపై చక్కగా పరుగెత్తెడిది. ఇందిరాగాంధీ కూడలిలో సిగ్నలు కడ ఆగినంతనే మాత్రము గడగడ వణకెడిది. ఒక్కొక్కప్పుడు ఇంజను ఆగిపోయెడిది.

బండి నిలిచియున్నను ఇంజను మెల్లగా తిరుగుచుండు స్థితిని ఐడ్లింగు అందురు. ఆయన కార్బురేటరు మీది మరను త్రిప్పి, ఆ ఐడ్లింగు వేగమును హెచ్చించిరి. వణకు తగ్గెను. కొన్ని దినములకు మరల వచ్చెను. మరల మరను త్రిప్పిరి. "ముసలి ఇంజను, స్వామీజీ! కొంచెము వేగము హెచ్చించిన చాలును" అనిరి. మనుమలను ఆ కారులోనే బడికి గొనిపోవుచుండిరి.

ఒకనాడు ఇరువురమును ఒక వృద్ధ మెకానిక్కు కడకు పోతిమి. అతడు పనిముట్టు ముట్టకయే కొంతసేపు చెవియొగ్గి వినెను. పిమ్మట మరను వెనుకకు త్రిప్పి, వేగమును సహజస్థితికి దించెను. కారు మరల వణకసాగెను. యజమాని నొచ్చుకొనిరి. అతడు నావైపు తిరిగి, "రోగము కనబడవలెను గదా, సామీ!" అని తమిళమున ననెను.

తరువాత స్పార్కు ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా తీసి, మరల తగిలించుచు వచ్చెను. ఏ తీగను తీసినను ఇంజను ఒకే రీతిని మందగించెను. అనగా నాలుగు సిలిండర్లును సమముగా పనిచేయుచున్నవి. లోపము ఏ యొక్కదానిదియు గాదు. పిదప ప్లగ్గులను విప్పి చూచెను. మసిపట్టి నల్లబడినచో ఇంధనము హెచ్చైనదనియు, తెల్లబారినచో గాలి హెచ్చైనదనియు సాధారణముగా గుర్తు. అవి తెల్లబారి యుండెను. ఎచ్చటనో గాలి దొంగతనముగా లోనికి చొరబడుచున్నదన్నమాట. అతడు సబ్బునీటిని కుంచెతో అతుకులపై పూయుచు పోయెను. ఇంజను నుండి బ్రేకునకు బలమందించు రబ్బరుగొట్టము మొదట నీరు తగిలినంతనే శబ్దము మారెను. అచ్చట వెండ్రుకవాసి బీట యుండెను.

అది నిలిచినప్పుడే యేల బాధించెను? ఐడ్లింగు నందు ఇంజను పీల్చు గాలి మిక్కిలి కొలది. కావున బీటనుండి వచ్చు కొంచెము గాలియు మిశ్రమమును చెడగొట్టును. వేగమున పీల్చు గాలి విస్తారము. ఆ కొంచెము అందులో నడగిపోవును. అడగినది వణకే గాని బీట కాదు. ఆ గొట్టము ఏ దినమున పూర్తిగా చినిగినను బ్రేకునకు సాయము తప్పి, పెడలు రాయివలె బిగిసిపోయెడిది. ఈ మాట విని యజమాని చాలసేపు మాటాడలేదు. ఆయన కన్నుల యెదుట మనుమలు మెదలియుందురు.

నేనును మాటాడలేదు. అప్పటికి ఆరు మాసములుగా వేకువను ధ్యానమునకు కూర్చున్నంతనే నా మనస్సు కలతపడుచుండెను. అనువాదపు పని మిగిలినదని లేచిపోవుచుంటిని. పనిలో కలత తెలియకుండెను. దానికి సేవయని పేరిడితిని. నేనును మరనే త్రిప్పుచుంటినని ఆనాడు తెలిసికొంటిని.

ఆ రాత్రి లేవక కూర్చుంటిని. కలతను అణచక, అది ఎచ్చటినుండి వచ్చుచున్నదో ఒక్కొక్కటిగా విచారించితిని. శరీరశ్రమ గాదు, పని భారము గాదు. ఒక తోటి సాధువుతో నేను పలికిన పరుషవాక్యము, అడుగక దాటవేసిన క్షమాపణ, అదియే బీట. మరునాడు ఉదయమున ఆయనకు జాబు వ్రాసితిని.

సోదరులారా! జపమునకు కూర్చున్నప్పుడే మనస్సు చెదరుచున్నదని అనేకులు చెప్పుకొందురు. కూర్చుండుట వలన చెదరలేదు. చెదరియున్నది కూర్చున్నప్పుడు తెలిసినది. గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సు గాలివలె పట్టరానిదని మొరపెట్టుకొనగా, భగవానుడు ఆ కష్టమును కాదనలేదు. అభ్యాసవైరాగ్యములను ఉపాయముగా జూపెను. ఆసనము విడిచి పొమ్మనలేదు.

కావున వణకును వయస్సుపై త్రోయకుడు, వేగముతో కప్పకుడు. అన్ని భాగములను ఒక్కమారే మార్చబూనకుడు, ఒక్కొక్కదానినే పరీక్షింపుడు. ఆ కారునకు కావలసినది క్రొత్త ఇంజను గాదు, మూరెడు గొట్టము. మనలో పెక్కుమందికి కావలసినదియు అంత చిన్నదే: చెప్పవలసిన యొక మాట, తీర్చవలసిన యొక ఋణము, విడువవలసిన యొక పట్టుదల. దానిని చూపుటకే నిశ్చలత మనకొసగబడినది.