వృద్ధాప్య నిధియు దాసోహమును

కాయకము చేయు చేయి ఒకనాడు అలసిపోవును. ఆనాటికి అన్నవస్త్రములకు లోటు లేకుండ కొంత కూర్చుకొనుట దోషము కాదు. పరులపై భారము మోపక జీవించుటయు కాయక ధర్మమే. అయితే ఆ కూర్పునకు ఒక మేర యుండవలెనని శరణులు ఆచరించి చూపిరి.

ఆయ్దక్కి మారయ్య కల్యాణమునందు నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము సాగించెడివాడు. ఒకనాడు అలవాటునకు మించి తేగా ధర్మపత్ని లక్కమ్మ ఒప్పుకొనలేదు. అధికమైనదానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మనెను. రేపటి కొరకను పేర మనసున జొరబడు ఆశను ఆ తల్లి ఆదిలోనే కనిపెట్టెను.

అమెరికాలో స్థిరపడిన తెలుగు వీరశైవ కుటుంబములకు ఈ కథ మిక్కిలి అవసరము. అచ్చట 1974 నాటి చట్టముచే ఐ.ఆర్.ఏ. అను విశ్రాంతి నిధి ఖాతాలు ఏర్పడినవి. ఏటేట చేర్చదగిన సొమ్ము స్వల్పమే. 2025లో 50 ఏండ్ల లోపువారికి 7,000 డాలర్లు. అయినను ఉద్యోగము విడిచినప్పుడు యజమాని పథకమునందలి సొమ్మును ఇందులోనికి మార్చుట వలనను, రాబడిపై ఏటేట పన్ను లేకుండుట వలనను కొందరి నిలువ పదిలక్షల డాలర్లు దాటుచున్నది. అట్టివారు ఒక్క సంస్థ వాటాలలోనే సర్వమును ఉంచక పలుచోట్ల పంచుటయు, ఖాతాలో వ్రాయించిన వారసుల పేర్లను సరిచూచుకొనుటయు వివేకము.

ధనమును కాపాడుట తెలిసినంత మాత్రమున మనసునకు శాంతి కలుగదు. పదిలక్షలు గలవానిని ఇరువది లక్షలు లేవను భయము పీడించును. తెల్లవారగనే ఇష్టలింగము వెలయవలసిన అరచేత లెక్కల పద్దు వెలయును. ఇంతకు మించిన దారిద్ర్యము వేరొకటి కలదా?

సాంప్రదాయిక ఖాతా గలవారు 73వ ఏట నుండి, 1960లోను ఆ పిమ్మటను పుట్టినవారైనచో 75వ ఏట నుండి, ఏటేట కొంత తీయవలెనని అచ్చటి శాసనము. 73వ ఏట నిలువను 26.5 చేత భాగింతురు. పదిలక్షలకు అది సుమారు 37,700 డాలర్లు. తీయక విడిచిన మొత్తముపై 25 శాతము వరకు దండుగ పడును. శాసనము బలవంతముగ తెరిపించు బొక్కసమును భక్తుడు తానై తెరువరాదా?

అందులకు మార్గమును కలదు. 70 ఏండ్ల 6 నెలలు నిండినవారు ఖాతా నుండి నేరుగ ధర్మసంస్థకు సొమ్ము పంపవచ్చును. 2025లో దీని పరిమితి 1,08,000 డాలర్లు. ఆ సొమ్ము ఆదాయముగ లెక్కకు రాదు. తీయవలసిన మొత్తమునందు జమపడును. అయితే స్వీకరించు సంస్థ అమెరికా చట్టము గుర్తించినదై యుండవలెను. స్వదేశమునందలి మఠమునకు నేరుగ పంపినచో ఈ వెసులుబాటు వర్తింపదు.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారియై ధనరాశుల నడుమ మెలగియు వానికి తాను కావలివాడననియే ఎంచెను. కావున దంపతులు కూర్చుండి, రోగమునకు, గృహమునకు, కడపటి దినములకు ఎంత వలయునో గణించి, ‘ఇంత చాలు’నని ఒక సంఖ్య వ్రాసికొనవలెను. మించినది జంగమునిది, ఆకలిగొన్నవానిది, చదువుకొను పేద బాలునిది. దానిని ఇచ్చునపుడు ‘నేను ఇచ్చితి’నను తలపును సైతము విడుచుటయే దాసోహము.